కునుకులో మా ఆమె పోయొచ్చే చోటు

మా ఆమె మధ్యాహ్నం నిద్రలో నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ, ఈ ఎండల్లో మెలకువగా ఉండి నవ్వేవాళ్ళెవరున్నారు అని మీరు అనవచ్చు. నేనూ మొదట్లో అట్లాగే అనుకున్నాను. కానీ మన ఎదురుగా కూర్చుని నవ్విన నవ్వు కంటే, గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని నవ్విన నవ్వు బాగున్నప్పుడు కడుపులో ఎట్లా ఉంటుందో పడినవాడికే తెలుస్తుంది. నాకు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

నాది మోటార్లు చుట్టే పని. కంబదూరు దారిలో అంగడి. మా వైపు బోర్లలో నీళ్ళు అడుగంటేకొద్దీ మోటార్లు ఉత్తినే తిరిగి తిరిగి కాలిపోతాయి. రైతులు వాటిని ఆటోలో వేసుకుని తెస్తే, కాలిన రాగి తీగ పెరికేసి కొత్తది చుట్టి ఇస్తాను. మధ్యాహ్నం పూట ఆ రేకుల కింద కూర్చుంటే మనిషి కూడా మోటారులాగా కాలిపోతాడు. అందుకని ఇంటికి వచ్చి ఇంత సంగటి, ఊరిబిండి పచ్చడి తిని ఎండ తగ్గేదాకా నడుం వాలుస్తాను. మా ఆమె ముందరి గదిలో జాకెట్లు కుడుతుంది. ఆమె కూడా ఆ వేళకు మిషను మీద గుడ్డ కప్పేసి, నాకు కొంచెం ఎడంగా చాప వేసుకుని పడుకుంటుంది. ఊరంతా పడుకునే వేళ అది, కుక్కలు కూడా మొరగవు.

ఆమె నాకు బయటి మనిషి కాదు. మా మేనమామ కూతురు. పళ్ళు ఊడిన మొహంతో ఆమె నిక్కరు వేసుకుని తిరిగిన రోజులు నాకు తెలుసు. దేనికి ఏడుస్తుందో, దేనికి అలుగుతుందో, జ్వరం వస్తే ఏమి తినాలని అడుగుతుందో అన్నీ తెలుసు. మా అమ్మ కూడా ఆమె విషయం నన్నే అడిగేది. ఆమెలో నాకు తెలియని గది ఒకటి ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

అట్లాంటి మనిషి ఒక మధ్యాహ్నం నిద్రలో నవ్వి, నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే, “పోయొస్తా” అంది. అని కళ్ళు తెరిచింది.

ఆ మాట మామూలు మాట కాదు. మా వైపు గడప దాటేవాడు “పోతా” అనడు. అంటే ఇంట్లో పెద్దవాళ్ళు నోటిమీద కొడతారు. ప్రాణం పోతుంది గానీ మనిషి పోకూడదు, పోయి రావాలి. అందుకని పక్కింటికి పెరుగు తోడు కోసం పోయినా “పోయొస్తా” అనాల్సిందే. మళ్ళీ వస్తానని మాట ఇచ్చి కదలడమది. మరి మా ఆమె ఎవరికి మాట ఇచ్చింది? నేను ఆ రోజంతా అంగడిలో కూర్చుని ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాను. చుట్టంగా పోయి అక్కడివాళ్ళకు చెప్పిందంటే మళ్ళీ అక్కడికి వస్తాననే. సొంత ఇంట్లోవాళ్ళకు చెప్పి కదిలిందంటే అది ఇంకా అన్యాయం. అప్పుడు అదే ఆమె ఇల్లు, నా పక్కన కళ్ళు తెరవడం ఆమెకు ఏదో పని మీద ఊరికి వచ్చినట్టు. ఎటు తిప్పినా దెబ్బ నాకే.

మరుసటి రోజు మళ్ళీ అంది. ఈసారి నేను కాచుకునే ఉన్నాను.

“ఎవురికి చెప్తాండావ్ పోయొస్తా అని?”

“నేనా? ఎప్పుడు?”

“ఇప్పుడే. నా చెవులతో విన్నా.”

ఆమె నాలుక కరుచుకుంది. నా కొంప ముంచింది ఆ నాలుక కరుచుకోవడమే. తప్పు లేని మనిషి అయోమయంగా చూస్తుంది, నాలుక కరుచుకోదు.

“ఏం లేదు బావా. కల.”

“కలలో ఎవురు?”

“ఊరికే కలప్పా. కల అని తెలిసిన కల.”

కల అని తెలిసిన కల ఏమిటని అడిగాను. చెప్పింది. మా ఊరి చుట్టూ మిట్టల మీద గాలిమరలు పాతారు, మేము వాటిని ఫ్యాన్లు అంటాం. వానకు మొహం వాచిన ఈ నేలకు దేవుడు గాలి మాత్రం లోటు చెయ్యలేదు.

“మొదట్లో అందురికీ పడినట్లే కలలు పడతాండె. ఒక పొద్దు కలలో మిట్ట మీద నిలబడుకోని ఉండా. గాలి తగుల్తాండాది, కొంగు ఎగుర్తాండాది. ఫ్యాన్లు మాత్రం తిరగలే. ఇంత గాలికి ఇవి ఏమిటికి తిరగవబ్బా అనుకున్యా. అప్పుడు తట్టింది, ఇది కల అని. తట్టినా మెలకువ రాలే. అట్లే నిలబడుకున్యా. ఇప్పుడు ఎప్పుడు పడుకున్యా ముందు ఫ్యాన్లు చూస్తా. తిరగలేదంటే కలే.”

“కల అని తెలిసినంక ఏం చేస్తావ్?”

“నా ఇష్టమొచ్చింది చేస్తా.”

ఎంత తేలికగా అందో! మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ నోటి నుంచి ఆ మాట నేను వినలేదు. ఏ చీర కావాలంటే నీ ఇష్టం బావా, ఏ సినిమాకు పోదామంటే నీ ఇష్టం బావా. ఇష్టాలన్నీ దాచిపెట్టి మధ్యాహ్నం కునుకులో ఖర్చు పెడుతోందన్నమాట. ఆ తర్వాత ఎంత అడిగినా “ఏం లేదు బావా, ఊరికే” అని మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను అడిగేకొద్దీ మిషను చప్పుడు పెరిగింది.

అంగడిలో ఫోను తీసి వెతికాను. దాన్ని లూసిడ్ డ్రీమ్ అంటారట. కలలో ఉన్నానని తెలిసి కలను తన చేతిలోకి తీసుకోవడం. దాని పక్కనే ఇంకో రకం వీడియోలు వచ్చాయి. ఆస్ట్రల్ ప్రొజెక్షన్, సూక్ష్మ శరీర యానం. ఒళ్ళు ఇక్కడ పడుకుని ఉంటుంది, లోపలి మనిషి లేచి బయటికి పోతాడు. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని అక్కడ పెద్ద రభస. రెండూ ఒకటేనని కొందరు: ఒళ్ళు నిద్రపోతుంది, మనసులో ఒక మూల మేలుకుని ఉంటుంది, కలలో ఉన్నాననుకున్నవాడు దాన్ని కల అంటాడు, బయటికి పోయాననుకున్నవాడు ప్రయాణం అంటాడు. కాదు, కల ఇంట్లో జరిగేది, యానం ఇల్లు దాటేది అని ఇంకొందరు. వాళ్ళకు అది శాస్త్రం. నాకు సంసారం. మా ఆమె ఇంట్లో ఉందా, ఇల్లు దాటిందా?

అడగడానికి సరైన మనిషి దొరికాడు. మా ఊళ్ళో ఒక ధ్యానం సారు ఉన్నాడు. బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి దిగిపోయాక, పొద్దున పూట కల్యాణ మండపంలో పదిమందిని కూర్చోబెట్టి ధ్యానం చెప్తుంటాడు. ఆయన తోట మోటారు కాలిపోయి నా దగ్గరకు తెచ్చాడు. అది విప్పుతూ అడిగాను.

“సారూ, కలలో ఇది కల అని తెలిస్తే ఏమైనట్లు?”

“అదృష్టమప్పా! గడప మీద నిలబడినట్లు. ఇట్ల అడుగేస్తే ఇంట్లో కల. అట్ల అడుగేస్తే బయట. సూక్ష్మ శరీరం.”

“బయట అంటే ఎంత దూరం పోవచ్చు?”

“ఎంత దూరమైనా. నేను మంచుకొండల దాంకా పోయొస్తాంటా. బొడ్డు కాడ వెండి తీగ ఉంటాది. మనం ఎంత దూరం పోతే అంత సాగుతాది. తెగదు.”

“ఎంత గేజీ సారూ?”

ఆయనకు కోపం వచ్చింది. “ఇది నీ మోటారు తీగ కాదప్పా, ఎగతాళి చేస్తాండావా?” అన్నాడు. నేను ఎగతాళికి అడగలేదు. తీగ పని చేసేవాడిని, తీగ ఎంత సాగుతుందో తెలియాలంటే దాని లావు తెలియాలి. నా బాధ ఆయనకేం తెలుసు?

“ఎవురికి పడింది, నీకా?” అన్నాడు.

“మా ఆమెకు.”

“ఆయమ్మకా? ధ్యానం చెయ్యకుండానే?”

ఆయన మొహం మాడిపోయింది. ఏళ్ళ తరబడి వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్న మనిషి. ఆయన మంచుకొండల సంగతి దేవుడికెరుక గానీ, జాకెట్లు కుట్టే మనిషికి చాప మీద పడుకుంటే దొరికింది ఆయనకు అంత తేలిగ్గా దొరకలేదని ఆ మొహమే చెప్పింది. నా మొహంలో ఉన్నదే ఆయన మొహంలోనూ కనిపించేసరికి నాకు సొంత అన్న దొరికినట్టయింది. ఆ మోటారుకు మంచి తీగ చుట్టిచ్చాను.

ఆయన పోయాక కూర్చుని లెక్క వేసుకున్నాను. మా ఆమె బయటికి పోతోందంటే, నిజంగా ఎక్కడికో, నిజమైన మనిషి దగ్గరకు పోతోంది. ఇది ఘోరం. పోనీ బయటికి పోవడం లేదు, కలేనంటే? మామూలు కలైతే ఊరుకోవచ్చు. మామూలు కలలోకి ఎవడైనా వస్తాడు, పిలవకుండానే వస్తాడు, అది కల కన్నవాళ్ళ తప్పు కాదు. నా కలలోకి ఒకసారి కరెంటాఫీసు లైన్‌మన్ పెళ్ళికొడుకు వేషంలో వచ్చాడు, నేనేం చెయ్యను? కానీ ఈమెకు కల అని తెలుసు. వద్దంటే పోగొట్టవచ్చు, కావాలంటే తెచ్చుకోవచ్చు. అంటే అక్కడ ఎవరు ఉన్నా ఆమె ఉండమంటేనే ఉన్నారు. అప్పుడు కల కంటే ప్రయాణమే నయమనిపించింది. ప్రయాణంలో అయితే కనీసం ఎదురుపడ్డారు అనుకోవచ్చు.

ఎవరు అనే ప్రశ్నకు నా దగ్గర ఒకటే జవాబు ఉండేది. గోరంట్ల సంబంధం. మా పెళ్ళికి ముందు గోరంట్ల నుంచి ఆమెను చూడటానికి ఒకాయన వచ్చాడు. బడిపంతులు. తెల్ల చొక్కా వేసుకుని, ఉగ్గాని తిని, చాలా బాగుందని రెండుసార్లు అన్నాడని మా అత్త ఇప్పటికీ చెప్తుంది. మా మామ, ఇంట్లో పిల్లాడిని పెట్టుకుని బయటికి ఇవ్వనని వాళ్ళను పంపేశాడు. అంతే కథ. ఆయన ఎట్లా ఉంటాడో నాకు తెలియదు, అందుకని నా బుర్రలో నానాటికీ అందంగా తయారవుతున్నాడు. ఆమె పడుకునేటప్పుడు తిరిగే గోడ తూర్పు గోడ. గోరంట్ల మాకు అటుఇటుగా ఆ దిక్కే. అనుమానం పెనుభూతం అంటారు. నా భూతానికి దిక్కులు కూడా తెలుసు.

పరీక్ష పెట్టాను. వీడియోల్లో చెప్పిందే. పడుకున్నవాళ్ళకు కనపడని చోట ఒక వస్తువు పెట్టి, లేచాక అడగాలి. చెప్పగలిగితే బయటికి పోయినట్టు. పొద్దున్నే మేడ మీది నీళ్ళ ట్యాంకు మూత పైన ఒక నిమ్మకాయ పెట్టాను. మధ్యాహ్నం ఆమె చాప వేసుకుంటుంటే, “నువ్వు కలలో ఎట్లాగూ పోతావ్ కదా, మన ట్యాంకు మీద ఏముండాదో చూసిరా” అన్నాను. ఆమె నన్ను అదోరకంగా చూసి పడుకుంది.

లేచింది. “చూసినావా?” అన్నాను.

మొహం పాలిపోయి ఉంది. కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత మెల్లగా, “నిమ్మకాయ” అంది.

కల కాదు. మా ఆమె గడప దాటుతోంది. ఆ రోజు నుంచి నేను తిన్నది తిన్నట్టు లేదు. మోటారుకు తీగ చుట్టేటప్పుడు మెలిక తప్పుతోంది. గోరంట్ల బస్సు అంగడి ముందు నుంచి పోతే బస్సు మీద కూడా కోపం వచ్చేది, మీ ఊరికి టిక్కెట్టు లేకుండా పోయేవాళ్ళున్నారని.

వారం తిరక్కముందే అసలు సంగతి బయటపడింది. ఒక సాయంత్రం ఆమె గడపకు పసుపు రాస్తూ, మసీదు దగ్గర తాయెత్తులు కట్టే సాయిబు దగ్గరకు పోదామని నసిగింది. ఎందుకంటే, ఇంటికి ఎవరో మంత్రం పెట్టారట.

“ఆ పొద్దు ట్యాంకు మీద ఎవురో నిమ్మకాయ పెట్టింటిరి కదా. పొద్దున్నే నీళ్ళు ఎంత ఉండాయో చూడను పోతే కనపడె. చీపురుతో తోసేసినా. చెప్తే నువ్వు బయపడతావని చెప్పలే. నువ్వే అడిగితివి, నీకు గూడా తెలిసిపోయిందేమో అని నా గుండె జల్లుమనె.”

“నువ్వు ట్యాంకు ఎక్కినావా?”

“రోజూ ఎక్కేది ఎవురనుకున్యావ్? నీళ్ళు వదిలేదే నాలుగు రోజులకొకసారి. ఎంత ఉండాయో చూసుకోకుంటే ఇంట్లోకి వాటంతట అవే వస్తాయా?”

ఊరి మోటార్లన్నీ బాగుచేసేవాడిని, నా ఇంటి ట్యాంకు ఎవరు చూస్తారో నాకు తెలియదు. ఆ నిమ్మకాయ నేనే పెట్టానని చెప్పక తప్పలేదు. చీపురు అక్కడే ఉంది. కొట్టలేదు గానీ కొట్టినంత పని చేసింది.

ఇక వేరే దారి లేక నేనే నేర్చుకుందామనుకున్నాను. ఆమె పోయే చోటికి ఎట్లాగైనా నేనూ పోవాలి. కల అయితే కలలో, బయట అయితే బయట. పగలంతా మాటిమాటికీ చేతి వేళ్ళు చూసుకోమని ఆ వీడియోల్లో చెప్తారు. అలవాటైతే కలలో కూడా చూసుకుంటాం, కలలో వేళ్ళు ఎక్కువగానో తక్కువగానో కనిపిస్తాయి, అప్పుడు తెలిసిపోతుందని. నేను అంగడిలో అదే పని. “ఏమప్పా, వేలు తెగిందా?” అని వచ్చిన రైతల్లా అడిగేవాడు. మధ్యాహ్నం వెల్లకిలా పడుకుని ఒళ్ళు వదిలి లేవడానికి ప్రయత్నం చేస్తే గురక వచ్చేది. ఆమెకు ఊరికే వచ్చింది నాకు ఇంత తిప్పలు పడినా రాలేదు. ఆమె ఎవరి దగ్గరకు పోతోందన్న మంట ఒకటి, ఆమెకు వచ్చిన విద్య నాకు రాలేదన్న మంట ఇంకొకటి. ఏది ఎక్కువో చెప్పలేను.

చివరికి ఒక మధ్యాహ్నం దొరికింది. కలలో అంగడిలో ఉన్నాను. చెయ్యి చూసుకుంటే బొటనవేలి పక్కన ఇంకో బొటనవేలు. కల! తెలిసిపోయింది! ఆ సంతోషం చెప్పలేను. నా చేతిలో ఉంది లోకం. ఎగరవచ్చు. చెరువులన్నీ నింపవచ్చు. తలచుకుంటే కుందుర్పి నుంచి కదిరి దాకా ఒకటే వాన కురిపించి ఉండవచ్చు. నేనేం చేశానో తెలుసా? మా ఆమె ఇంట్లో ఉందో లేదో చూడటానికి పరుగెత్తాను.

తలుపు తోసి చూస్తే చాప ఖాళీ. మిషను మీద గుడ్డ కప్పి ఉంది, చాప మాత్రం ఖాళీ. అరిచి లేచాను. ఆమె పక్కనే ఉంది. నా అరుపుకు ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

“యాడికి పోయింటివి?” అన్నాను, రొప్పుతూ.

“ఈడే ఉండా కదప్పా!”

దీని మీద కూడా ధ్యానం సారును అడిగాను. “నువ్వు బయటికి వచ్చింటావ్, సందేహమే లేదు” అన్నాడు. అట్లయితే మా ఇంటి తలుపు నాకు ఎడమ పక్కన ఎందుకు కనిపించింది, అది ఉన్నది కుడివైపు కదా అన్నాను. “సూక్ష్మంలో కొంచెం తేడాలు ఉంటాయప్పా” అన్నాడు. మరి తేడా తలుపు దగ్గరా, చాప దగ్గరా అన్నాను. ఆయన నీళ్ళు తాగి, మోటారు ఎప్పుడిస్తావని అడిగాడు. ఆయన మోటారు తీసుకుపోయి అప్పటికే పది రోజులైంది. కలైనా ప్రయాణమైనా మనిషి తన బుద్ధిని ఇంట్లో వదిలి పోలేడని నాకు ఆ రోజు తెలిసింది. తెలిసినంత మాత్రాన బుద్ధి మారుతుందా? కుక్క తోక వంకర.

గొడవ అయింది ఉగాది దాటాక. ఆ మధ్యాహ్నం ఆమె నవ్వలేదు, నవ్వు కంటే ఘోరం, మొహం తేటగా, పసిపిల్ల మొహంలాగా ఉంది. “పోయొస్తా” అంది, ఎప్పటికంటే మెల్లగా. కళ్ళు తెరవగానే నేను గోరంట్ల పేరు ఎత్తాను. ఉగ్గాని ఎత్తాను, తెల్ల చొక్కా ఎత్తాను. ఇన్ని రోజులుగా లోపల నానినదంతా కక్కేశాను.

ఆమె మొదట నవ్వింది. “ఆయప్పా? ఆయప్ప మొహమే జ్ఞాపకం లేదు బావా నాకు.” తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది. లేచి కూర్చుని జుట్టు ముడి వేసుకుంది.

“ఆడ ఒక ఇల్లుండాది” అంది. “మిట్ట మీద. ఒకటే రూము. నేనే కట్టుకున్యా, రోజూ కొంచెం కొంచెం. కల అని తెలిసినంక ఊరికే నిలబడుకోని ఏం చెయ్యాల? కిటికీ ఈడ పెడితే బాగుంటాదా, ఆడ పెడితే బాగుంటాదా అని మార్చి మార్చి పెట్టినా. బండలు పరిచినా. చల్లగా ఉంటాది. తలుపు తీసే పెడతా.”

“ఎవురొస్తారు?”

“ఎవురూ రారు. ఎవురూ లేరు ఆడ. మిషను గూడా లేదు. ఊరికే కూచుంటా. గాలి వస్తాంటాది.”

“మరి పోయొస్తా అని ఎవురికి చెప్తావ్?”

“ఇంటికే. చెప్పకుండా వస్తే రేపు కనపడదేమో అని బయం.”

నా మంట ఆ క్షణానే ఆరిపోవాలి కదా. మగవాడు లేడు, గోరంట్ల లేదు. ఆరలేదు. ఇంకా పెద్దదైంది. మనిషైతే పోటీ పడవచ్చు. నేనూ తెల్ల చొక్కా వేసుకోవచ్చు. ఖాళీ ఇంటితో ఎవడు పోటీ పడతాడు? నేను కట్టిన ఇల్లు ఉంది, అప్పు చేసి స్లాబు వేశాను. అందులో ఆమె కిటికీ ఎక్కడ పెట్టాలని ఎవరూ అడగలేదు, నేను కూడా. ఇప్పుడు అక్కడ కిటికీలు మార్చి మార్చి పెట్టుకుంటోంది. ఆ బండల మీద కూడా, ఆ గాలి మీద కూడా నాకు ఓర్వలేనితనం పుట్టింది.

“నన్ను పిలవచ్చు కదమే ఒకసారి” అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. “కల నీ చేతిలోదే కదా. తలచుకుంటే వస్తారు కదా.”

ఆమె చాప అంచు సర్దింది. సర్దినదాన్నే మళ్ళీ సర్దింది.

“పిలిచినా.”

“ఎప్పుడు?”

“కట్టేది అయిపోయినంక. నీకు చూపిద్దామని. పిలుస్తానే వచ్చినావ్. చెప్పులు గూడా ఇప్పకుండా లోపలికొచ్చి, ఎవురున్యారీడ అని తలుపు వెనకాల చూసినావ్. కిటికీలోనించి తొంగి చూసినావ్. చాప ఎత్తి చూసినావ్. ఇల్లు ఎట్లుండాదని మాత్రం ఒక్క మాట అనలే.”

“అది నేను కాదు! నీ కలలో నువ్వు చేసుకున్నోడు వాడు. నాకేం సంబంధం?”

“అవును. నేనే చేసినా.” ఆమెకు కోపం లేదు, కోపం ఉంటే నాకు సులభంగా ఉండేది. “ఇంగో రకంగా చెయ్యల్లని శానా చూసినా బావా. గోడలు జరిపినా, బండలు పరిచినా. నిన్ను మాత్రం ఇంగో రకంగా చెయ్యను చాతకాలే. ఎన్నితూర్లు చేసినా వెతికేవాడే వస్తాండె. ఇంగ పిలవడం మానుకున్యా.”

నేను లేచి బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. అరుగు కాలుతోంది, అట్లాగే కూర్చున్నాను. ధ్యానం సారు వింటే ఏమంటాడో తెలుసు. అది నీ సూక్ష్మ శరీరమేనప్పా, ఆయమ్మ పిలిస్తే పోయినావ్ అంటాడు. అంటే నేనే నిజంగా పోయి ఆ ఇల్లంతా వెతికినట్టు. కాదు, అది కలేనంటే, తను పుట్టినప్పటి నుంచి నన్ను చూసిన మనిషికి తెలిసిన నేను వెతికినట్టు. ఇన్ని రోజులు ఏది నిజమని కొట్టుకున్నాను. ఏది ఒప్పుకున్నా చాప ఎత్తి చూసినవాడిని నేనే.

అయినా వాడి మీద కోపం వచ్చింది. వాడు ఆ గడప దాటాడు. ఆమె చేతులతో పరిచిన బండల మీద నడిచాడు, ఆ కిటికీ ఏ గోడకు ఉందో చూశాడు. ఇల్లు చూడమని పిలిస్తే దొంగను వెతికిన వెధవ, వాడు చూశాడు, నేను చూడలేదు.

లోపలికి పోయి, “ఇంగొకసారి పిలువు” అన్నాను.

ఆమె మిషను మీది గుడ్డ తీసి మడత పెట్టింది. “పిలుస్తాలే” అంది. “అయితే ఒక మాట. పిలిచినానా లేదా అని నువ్వు నన్ను అడగకూడదు. ఎప్పుడూ అడగకూడదు.”

సరేనన్నాను. అనడం తేలిక. అప్పటి నుంచి నేను అడగలేదు. రోజూ మధ్యాహ్నం ఆమె పడుకుంటుంది, నేను పక్కన కళ్ళు మూసుకుని పడుకుంటాను. వాడు ఇప్పుడు అక్కడ ఉన్నాడా, కిటికీ దగ్గర కూర్చున్నాడా, బాగా కట్టినావే అని నేను ఎన్నడూ అనని మాట ఏదైనా అంటున్నాడా, ఆమె వాడికి నీళ్ళు ఇచ్చిందా అని నాకు ఒకటే మంట. గోరంట్ల పంతులు వీడి ముందు ఏ మూలకు? వాడి మొహం నా మొహమే, అయినా నేను కాదు, నా కంటే మంచివాడు అయి ఉంటాడేమో.

నిన్న కళ్ళు తెరిచి, లేవకుండా, అట్లాగే పడుకుని నా మొహం వైపు కాసేపు చూసింది. ఎవరితోనో పోల్చి చూసినట్టు చూసింది. తర్వాత నవ్వింది, మెలకువలోనే, నన్ను చూసే. వాడు ఈసారి చెప్పులు ఇప్పినాడా అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. మింగేసి, ఎవరో మోటారు కోసం వస్తామన్నారని చెప్పి, ఎండలోనే అంగడికి బయలుదేరాను.